ఏమీ రాయని 38 ఏళ్ళు

(2025 ఆగస్టు 31, ఆదివారం సాయంత్రం విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోని ఒక క్రైస్తవ మందిరంలో, రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేసి రిటైరైన సంఘ పెద్ద ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకి రండయ్యా, చాపల మీద చోటుంది. ఫ్యాను కిందే కూర్చోవాలంటే కుదరదు, ఉన్నవే నాలుగు.

అయ్యగారు నాకు అరగంట ఇచ్చారు. నేను పాస్టర్ని కాదు, వేదాంత కళాశాలకి వెళ్ళినవాణ్ణీ కాదు. పట్టాల మీద నడిచి బతికినవాణ్ణి. తప్పు మాట్లాడితే అయ్యగారు చివర్లో సరిచేస్తారు.

ముందు ఇది చూడండి. (బైబిలు ఎత్తి చూపించారు) ఇది నా బైబిలు. ఇదివరకు జానెడు పుస్తకం, ఇప్పుడు మూత పడదు. రబ్బరు బ్యాండు వేసి తెచ్చుకుంటున్నాను. పోయినేడు బుడమేరు వాగు పొంగి ఇల్లు మునిగింది కదా, ఆ నీళ్ళు తీశాక మంచం కింద బురదలో దొరికింది. మేడ మీద ఎండబెడితే పైన అట్ట ఎండింది, లోపల పేజీలు అంటుకుపోయాయి. మా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో పేజీ విడదీసి, మధ్యలో టాల్కం పౌడరు చల్లి, మళ్ళీ ఎండబెట్టింది. బైబిలు కాగితం సంగతి మీకు తెలుసు కదా, ఉల్లిపొర. గోరు తగిలితే చిరిగిపోద్ది. నాలుగు రోజులు కూర్చుంది. కీర్తనల్లో కొన్ని మాత్రం రాలేదు. 40 నుంచి ఓ పది కీర్తనలు ఇటికెలాగా ఉన్నాయి. వాటిని ఫోనులో చదువుకుంటున్నాను. మిగతావి ఇందులోనే. తెరిస్తే ఇప్పటికీ పౌడరు వాసన, దాని కింద బుడమేరు వాసన.

రేపటికి ఏడాది. పోయినేడు సెప్టెంబరు 1 కూడా ఆదివారమే. మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం ఉన్న రోజు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తలుపు వెనకాల హ్యాంగరుకి తగిలించాను. వీధిలో నీళ్ళొస్తున్నాయంటే, వానకి ఎప్పుడూ వచ్చేవేలే అనుకున్నాం. గడప దాటాయి. మంచం అందుకున్నాయి. మేం పక్కింటి మేడ ఎక్కేముందు నేను చివరిసారి చూసింది ఆ చొక్కానే. అంచులు తడుస్తున్నాయి, చొక్కా నీళ్ళ మీద కొంచెం కొంచెం ఊగుతోంది. ఏడుపు రాలేదు. ఇస్త్రీ డబ్బులు దండగయ్యాయే అనుకున్నాను. మనిషి బుర్ర అలాంటప్పుడు ఎటు పోతుందో చెప్పలేం.

ఆ వారం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లైఓవరు దగ్గర పడవలు, పైన హెలికాప్టర్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆ వారం గురించి కాదు. ఆ తర్వాత వచ్చిన నెలల గురించి. నీళ్ళు తీశాయి, ఫైరింజన్లు వచ్చి ఇళ్ళు కడిగి వెళ్ళాయి, టీవీ వాళ్ళు వెళ్ళిపోయారు. కష్టం వెళ్ళలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆటో ఇంజను మునిగి, ఇప్పటికీ దాని ఫైనాన్సు కడుతున్నవాళ్ళున్నారు. కుట్టుమిషను పోయి కూలికెళ్తున్న అక్కలున్నారు. వరదతో సంబంధం లేకుండానే, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తున్న తమ్ముడున్నాడు. వరదకైతే ఓ తారీకు ఉంది. ఇలాంటివాటికి తారీకు ఉండదు. ఎప్పుడు మొదలైందో చెప్పగలం, ఎప్పుడు అయిపోద్దో ఎవడూ చెప్పలేడు.

అలాంటి రోజుల్లో పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించడం అంటే ఏంటి? ద్వితీయోపదేశకాండం 6:5 మనకి నోటికొచ్చు. "నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను." సండేస్కూల్లో బహుమతి కోసం కంఠతా పట్టాం. శక్తే లేనప్పుడు పూర్ణశక్తి ఎక్కణ్ణించి తేవాలి?

నాకు దీనికి కాలేబు తప్ప ఇంకో మనిషి కనపడలేదు. సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాలు తీయండి.

ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు నుంచి నడిపించుకొస్తున్న మోషే, దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని వేగు చూడ్డానికి పన్నెండుమందిని పంపాడు. 40 రోజులు తిరిగారు. హెబ్రోను దాకా వెళ్ళారు, అక్కడ భారీ మనుషులైన అనాకు సంతతివాళ్ళు ముగ్గుర్ని చూశారు, అహీమాను, షేషయి, తల్మయి. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. ఎష్కోలు లోయలో ఒక్క ద్రాక్షగెల కోసి, ఇద్దరు దండె కట్టి మోసుకొచ్చారు. దానిమ్మలు, అంజూరాలు తెచ్చారు. తిరిగొచ్చాక పదిమంది, వాళ్ళ ముందు మనం మిడతల్లాగా ఉన్నాం అన్నారు. కాలేబు, యెహోషువ ఇద్దరే, వెళ్దాం, దేవుడు తోడున్నాడు అన్నారు. ఆ రాత్రి సమాజమంతా ఏడ్చింది. ఈ ఇద్దర్నీ రాళ్ళతో కొట్టి చంపాలన్నారు.

అప్పుడు తీర్పు వచ్చింది. రోజుకి ఏడాది చొప్పున 40 ఏళ్ళు అరణ్యం. 20 ఏళ్ళు దాటి లెక్కలో ఉన్నవాళ్ళంతా అక్కడే రాలిపోతారు, ఈ ఇద్దరు తప్ప. కాలేబు గురించి 14:24లో దేవుడు ఏమన్నాడు? "పూర్ణమనస్సుతో నన్ను అనుసరించిన" అన్నాడు.

సరే, దేవుడే మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాక ఏం చేశాడు? హెబ్రోనుకి పంపాడా? లేదు. మిగతావాళ్ళతో పాటే అరణ్యానికి పంపాడు. తప్పు చేసినవాళ్ళకీ ఇసకే, చేయనివాడికీ ఇసకే. అదే ఎండ, తినడానికి దేవుడు రోజూ కురిపించిన అదే మన్నా. ఇక్కడ నేను చాలాసార్లు ఆగిపోయాను. ఇదేం న్యాయం ప్రభువా అని అడిగాను కూడా. మీరూ అడగండి, అడిగితే ఆయన కొట్టడు.

ఎందుకు చెప్తున్నానంటే, పోయినేడు నీళ్ళు తీసిన కొన్నాళ్ళకి బయటి ఊరు నుంచి ఒక బోధకుడు ఇటొచ్చి, మైకు పట్టుకుని, సింగ్‌నగర్ పాపం పండింది కాబట్టే వరద వచ్చింది అన్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ, చెప్పుల జత కూడా కొట్టుకుపోయిన మనిషి, తల వంచేసింది. నాకు ఒళ్ళు మండింది. బుడమేరు డైవర్షను కాలవకి గండ్లు పడ్డాయండీ. ఆ కాలవ వెళ్ళి కలవాల్సిన కృష్ణే నిండుగా ఉంది. వాగు దారంతా మనుషులు ఆక్రమించుకున్నారు. ఇది బెజవాడలో చిన్నపిల్లాడికి తెలుసు. ఆమె పాపానికీ గండికీ ఏం సంబంధం? కాలేబు అరణ్యంలో ఉన్నది కాలేబు పాపానికి కాదు. కష్టంలో ఉన్న మనిషి దగ్గరికెళ్ళి ముందే కారణం చెప్పేవాడు, పదిమంది వేగులవాళ్ళకి చుట్టం. ఆమేన్ అననక్కర్లేదు, వినండి చాలు. (నవ్వులు)

ఇప్పుడు ఓ లెక్క చెప్తాను. సంఖ్యాకాండం 1వ అధ్యాయంలో జనాభా లెక్కుంది. 20 ఏళ్ళు దాటిన మగవాళ్ళు, దేవుని గుడారం సేవ చేసే లేవీయులు కాకుండా, 6,03,550. ద్వితీయోపదేశకాండం 2:14లో ఆ తరం అంతా నశించడానికి 38 ఏళ్ళు పట్టిందని ఉంది. అంతకుముందు అరణ్యంలో గడిచిన రెండేళ్ళూ కలిపితేనే ఆ 40. నేను మా మనవరాలి కాలిక్యులేటరు తీసుకుని భాగించాను. రోజుకి 43 మంది. మగవాళ్ళు మాత్రమే. రోజుకి 43 సమాధులు. కాలేబుకి అప్పుడు 40 ఏళ్ళు. ఆయన ఈడువాళ్ళు, ఆయనతో ఇటికెలు మోసినవాళ్ళు, బావమరుదులు, రాళ్ళు పట్టుకున్నవాళ్ళు, అందర్నీ మట్టిలో పెట్టుకుంటూ నడిచాడు.

ద్రాక్షగెల సంగతి కూడా. తిన్నాడో లేదో వాక్యం చెప్పలేదు, మోసిన ఇద్దరిలో ఆయన ఉన్నాడో లేదో కూడా చెప్పలేదు. చూశాడు మాత్రం. ఆ శిబిరంలో హెబ్రోను చూసి బతికున్నవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళకి కనాను ఓ మాట, ఈయనకి ఓ చోటు. అలాంటివాడు 38 ఏళ్ళు పొద్దున్నే లేచి మన్నా ఏరుకున్నాడు.

ఆ 38 ఏళ్ళలో కాలేబు ఏం చేశాడో బైబిల్లో ఎంత రాశారు? వెతికాను. ఒక్క ముక్క లేదు. చివర్లో మోయాబు మైదానాల దగ్గర మళ్ళీ లెక్క తీసినప్పుడు పేరు కనపడుద్ది, అంతే. మధ్యలో ఒక అద్భుతం లేదు, ఒక దర్శనం లేదు, ఒక ప్రసంగం లేదు. యెహోషువకైనా మోషే పక్కన పనుంది, తర్వాత నాయకత్వం వచ్చింది. ఇద్దరూ చెప్పింది ఒకటే మాట, కుర్చీ ఒకాయనకే వచ్చింది. మన సంఘ కమిటీల్లో అయితే కాలేబు వేరే సంఘం పెట్టుకునేవాడు. (నవ్వులు) నవ్వుతారేంటి, నేను కమిటీలో 12 ఏళ్ళున్నాను, నాకు తెలుసు.

అందుకని ఈ మాట మీద నేను చాలా రోజులు కూర్చున్నాను. సంఖ్యాకాండంలో "పూర్ణమనస్సు" అని ఉంటే, యెహోషువ గ్రంథం 14లో మన తెలుగులో "నిండు మనస్సు" అని ఉంది. హెబ్రీ మూలంలో అక్కడున్నది "నింపు" అనే మాటే అని అయ్యగారు చెప్పారు. వెంబడించడాన్ని నింపాడు, కొరత పెట్టలేదు అని. నిండు అనగానే మనకి నిండుకుండ గుర్తొస్తుంది. తొణకదు, బెణకదు. అలాంటి విశ్వాసి కావాలని ప్రార్థన చేస్తాం. ఏడవకూడదు, ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి, ఎలా ఉన్నారంటే దేవుని కృప అనాలి. నాకైతే అది కుదరలేదు. మా ఆవిడ ఓ రోజు పౌడరు చల్లుతూ చల్లుతూ ఒక మాట అంది. నిండు అని కుండనే అంటామా, నిండు గర్భిణి అని కూడా అంటాం కదా అంది.

నేను ఆగిపోయాను. నిండు గర్భిణికి సుఖం ఉందా? నడుం మీద చెయ్యి పెట్టుకుని నడుస్తుంది. రెండు మెట్లెక్కి ఆగుద్ది. రాత్రి నిద్ర పట్టదు, ఎటు తిరిగినా నొప్పే. కన్నీళ్ళొస్తాయి, విసుగొస్తుంది, మొగుణ్ణి తిడుతుంది. అయినా నిండుగానే ఉంది. నిండుతనం ఆమె మొహంలో లేదు, మోస్తున్నదాంట్లో ఉంది. 38 ఏళ్ళు ఒక వాగ్దానాన్ని కడుపులో మోసినవాడు కాలేబు. ఏడవలేదని నేను అనను. వదల్లేదు.

అర మనసు అంటే ఏంటో నా సంగతే చెప్తాను. పోయినేడు నష్టం రాసుకోడానికి మనుషులొచ్చారు గుర్తుందా? కింది ఇల్లు మునిగితే 25 వేలు, పై అంతస్తు వాళ్ళకి 10 వేలు. ఆ రోజుల్లో ఇదే మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. నేను మోకాళ్ళ మీద ఉన్నాను. కళ్ళు మూశాను, చెవులు మాత్రం వీధిలోనే ఉన్నాయి. నోరు "నీ చిత్తమే జరుగును గాక" అంటోంది. ఇంతలో వీధిలో ఎవరో "వచ్చారంట, మీ లైనుకే" అన్నారు. లేచి పరిగెత్తాను. ఆమేన్ సందు మొదట్లో చెప్పాను. (నవ్వులు)

పేరు రాయించుకోవడం తప్పు కాదు. అది మన హక్కు, అందరూ రాయించుకోవాలి. నేను చేసిన తప్పు వేరే. ఆ నెలంతా నేను దేవుణ్ణి ఆ లిస్టుకి గుమాస్తాని చేశాను. పేరొస్తే స్తోత్రం, రాకపోతే అలక. పేరు మొదటిసారి రాలేదు. నేను వరసగా రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పాను, అయ్యగారు నమ్మారో లేదో మరి. అప్పుడు 86వ కీర్తన దొరికింది, అది అంటుకోని పేజీ. దావీదు కష్టంలో ఉండి, శత్రువులు ప్రాణం మీదికొస్తుంటే, మధ్యలో ఒక మాట అడుగుతాడు. "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము." తన మనసు పది చోట్ల ఉందని ఆయనకి తెలుసు. తను దాన్ని ఒకచోటికి తేలేనని కూడా తెలుసు. నువ్వే చెయ్యి అంటున్నాడు. నేను ఇప్పటికీ రోజూ పొద్దున చేసే ప్రార్థన అదొక్కటే. చాలా చిన్నది, పళ్ళు తోముకుంటూ కూడా చేయొచ్చు.

నా ఉద్యోగం గురించి ఓ మాట. కీమ్యాన్ అంటే ఏంటో రైల్వే ఇళ్ళవాళ్ళకి తెలుసు. పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని తన బీటులో పట్టా వెంట నడవాలి. పట్టాని స్లీపరుకి పట్టుంచే క్లిప్పు ఊడిందేమో, బోల్టు వదులైందేమో చూసుకుంటూ పోవాలి. ఊడితే సుత్తితో కొట్టి బిగించాలి. మే నెలలో పట్టా మీద చెయ్యి పెడితే కాల్తుంది. వానాకాలం కంకర మీద కాలు జారుద్ది. పక్క లైనులో బండి వెళ్తుంటే ఆ గాలికి జెండా చేతిలోంచి లాక్కున్నట్టుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క ప్రయాణికుడు కూడా కిటికీలోంచి నా పేరు అడగలేదు. అడగక్కర్లేదు. ఏమీ జరగలేదంటే ఆ రోజు పని బాగా జరిగిందని. ఏదన్నా జరిగితేనే పేపర్లో రాస్తారు. అందుకే బైబిల్లో ఆ 38 ఏళ్ళు ఖాళీగా ఉంటే నాకు వింతగా అనిపించలేదు. పట్టా ఎక్కడా విరగలేదు కాబట్టి రాయలేదు.

గుంటూరులో కుగ్లరమ్మగారి ఆసుపత్రి మీలో చాలామంది చూసే ఉంటారు, మా అమ్మ నన్ను కన్నది అక్కడే. అన్నా కుగ్లర్‌గారు అమెరికాలో డాక్టరు చదువు పూర్తిచేసిన మనిషి. 1883లో గుంటూరు వచ్చారు. వైద్యం చేస్తానంటే, పంపినవాళ్ళు ఆ పనికింకా సమయం రాలేదని, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పే పని ఇచ్చారు. డాక్టరమ్మకి పలకా బలపం. ఆమె అలిగి ఓడెక్కలేదు. పాఠాలు చెప్పారు, మందుల పెట్టె పక్కనే పెట్టుకున్నారు, జబ్బుతో వచ్చినవాళ్ళని పొమ్మనలేదు. ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో 15 ఏళ్ళు. 1930లో చనిపోయేదాకా ఆమె మనిషి గుంటూరు మనిషే. ఇప్పుడు ఆ భవనం చూసి దండం పెడతాం. నాకు మాత్రం ఆ 15 ఏళ్ళలో ఏదో ఒక మామూలు మంగళవారం, ఎండలో ఎవరింటి వరండాలోనో అ ఆలు దిద్దిస్తున్న డాక్టరమ్మని చూడాలని ఉంటుంది.

మళ్ళీ కాలేబు దగ్గరికి వద్దాం, టైమైపోతోంది. యెహోషువ 14. ఇప్పుడాయనకి 85. అరణ్యంలో 38 పోయాయి, మిగతావి యుద్ధాల్లో. భూములు పంచుతున్నారు. ఆయన లేచి "ఈ కొండ ప్రదేశమును నాకు దయచేయుము" అన్నాడు. మైదానం అడగలేదు, కాలవ కింద మాగాణి అడగలేదు. నాకు 60కే మోకాళ్ళు పోయి, ఈ మందిరం మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకుంటున్నాను. ఆయన 85లో కొండ అడిగాడు, అదీ హెబ్రోను. అక్కడెవరున్నారు? 15వ అధ్యాయం 14 చూడండి. షేషయి, అహీమాను, తల్మయి. అవే పేర్లు! 45 ఏళ్ళ కిందట ఎవర్ని చూసి పదిమంది మిడతలైపోయారో, ఆ ఇంటివాళ్ళనే ఈ ముసలాయన వెళ్ళగొట్టాడు. పదిమంది భయం నిజం కాదని కాదు, అనాకీయులు నిజంగానే ఉన్నారు, నిజంగానే పెద్దవాళ్ళు. కాలేబు వాళ్ళు లేరని ఎప్పుడూ అనలేదు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు, ఇక్కడ ఆపి చప్పట్లు కొట్టిస్తారు. నేను 21వ అధ్యాయం దాకా చదివి తెల్లబోయాను. లేవీయులకి పట్టణాలిచ్చేటప్పుడు, హెబ్రోనుని యాజకుడైన అహరోను సంతతికి ఇచ్చారు. ఊరు వాళ్ళది. కాలేబుకి మిగిలింది చుట్టూ ఉన్న పొలాలు, పల్లెలు. 45 ఏళ్ళు కడుపులో మోసిన ఊరండీ! గొడవపడ్డట్టు ఎక్కడా లేదు. ఆ ముందు అధ్యాయంలో, 20:7లో, ఆ హెబ్రోనునే ఆశ్రయపురంగా ఏర్పరిచారు. పొరపాటున మనిషిని చంపినవాడు, వెనకాల పగవాళ్ళు తరుముతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి దూరే ఊరు. కాలేబు తన పొలంలో నిలబడి చూస్తే, దుమ్ము కొట్టుకుని, చెప్పుల్లేకుండా, ఎవడో ఒకడు తన ఊరి గేటు వైపు పరిగెత్తడం కనపడేది.

మన మందిరం పై హాలు సంగతి మీకు తెలుసు. పోయినేడు ఆ హాల్లో ఎన్ని కుటుంబాలు పడుకున్నాయో మనం లెక్కపెట్టలేదు. తురకల అమ్మాయి చంటిబిడ్డతో ఉంది, పక్కన గుళ్ళో పూజారిగారి తల్లి ఉంది, తాగి గొడవ చేసినవాడూ ఉన్నాడు. గోడలు పాడయ్యాయి, రెండు ఫ్యాన్లు పోయాయి. మొన్న కమిటీలో, మళ్ళీ రంగులేశాం కాబట్టి హాలుకి తాళం వేసి ఉంచుదాం, అడిగినవాళ్ళకి రాతపూర్వకంగా ఇద్దాం అని మాట వచ్చింది. నేను ఇంకా ఏమీ అనలేదు అక్కడ. ఇక్కడ చెప్తున్నాను, అయ్యగారి ఎదురుగానే.

సెప్టెంబరు వచ్చేసింది, వానలింకా ఉన్నాయి. తాళం చెవి ఒకటి నా దగ్గరుంది. మా ఇల్లు మందిరం వెనక సందులో నీలం గేటు. రాత్రి ఎన్నింటికైనా కొట్టండి. నాకు చెవుడు కొంచెం వచ్చింది, గట్టిగా కొట్టండి.

కళ్ళు మూసుకుందాం.